కదిలిన ఫోటో

పొద్దున తొమ్మిదయ్యేసరికి పోయినావిడ వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. అవి మామూలు ఉల్లిపాయలు కావు. వీధి ఆ చివర తరిగితే ఈ చివర వాళ్లు ముక్కులు తుడుచుకోవాల్సిందే. నాలుగోది సగంలో ఉండగా ఫోను మోగింది. సీరియల్ కంపెనీ మేనేజరు.

"పిన్నిగారూ, ఏం చేస్తున్నారండీ?"

"ఉల్లిపాయలు కోస్తున్నా నాయనా."

"అనుకున్నానండీ! ఇక్కడ మీ అబ్బాయికి ఉద్యోగం వచ్చిన సీను తీస్తున్నాం. అతను కాగితం తెచ్చి మీ ఫోటోకి చూపించి నవ్వుతున్నాడు. మీరేమో ఫ్రేములోంచి బొటబొటా కారుస్తున్నారు."

"ఆనందబాష్పాలు అనుకోండి."

"మూడు టేకులు అలాగే అనుకున్నామండీ. నాలుగో టేకులో ముక్కు చీదారు."

ఆవిడ కత్తి పక్కన పెట్టి, మొహం కడుక్కొచ్చి, స్టూలు మీద గోడకేసి తిరిగి కూర్చుని పెదాల చివర్లు వెంట్రుకవాసి పైకెత్తింది. ఆవిడ భర్త, సినిమాలకి స్టిల్ ఫోటోలు తీస్తాడని అందరూ స్టిల్సాయన అని పిలిచే ఆయన, ఫ్రిజ్ తలుపుకి అతికించిన కాగితం మీదకి వంగి చదివాడు.

"పదింటి దాకా ఆనందం. పదీ పావుకి పక్క సీరియల్లో మీ ఆయన రెండో పెళ్లి. దానికి కాస్త బాధ, కానీ పెద్దమనసు. పదకొండున్నరకి దీవెన. ఆ తరవాత రెండింటి దాకా నీ మొహం నీదే."

"మళ్లీ రెండో పెళ్లా? ఆయనకి పోయినేడే అయింది కదండీ?"

"ఆయన వేరు, ఈయన వేరు. నీకు మొగుళ్లెక్కువై గుర్తుండటం లేదు."

ఆవిడకి నవ్వొచ్చింది. వెంటనే మళ్లీ ఫోను. "పిన్నిగారూ! అంత నవ్వొద్దండీ, కుర్రవాడు ఉద్యోగం వచ్చిందన్న మాట మర్చిపోయి మిమ్మల్నే చూస్తున్నాడు!"

ఇంట్లో ఆవిడ ఏ మొహం పెడితే, గోడల మీద వేలాడే ఆవిడ ఫోటోలన్నీ అదే మొహం పెడతాయి. ప్రస్తుతం పదకొండు సీరియళ్లలో, పదకొండు హాళ్లలో, పదకొండు సోఫాల వెనక ఆవిడ వేలాడుతోంది. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. కొందరు నటులకి పొద్దున పదింటి దాకా గొంతు పెగలదు, కొందరికి ఎండ పడదు. ఈవిడ ఫోటో కదులుతుంది. దాన్నిబట్టి షూటింగు వేసుకుంటారు, అంతే.

పోయినావిడ అన్నది పరిశ్రమంతా కలిసి పెట్టుకున్న ముద్దుపేరు. ఆవిడ చచ్చినన్నిసార్లు ఎవరూ చావలేదు మరి. లెక్కపెట్టబోయిన వాళ్లు నూట నలభై దాకా వచ్చి, వేళ్లు నొప్పెట్టి మానేశారు. జ్వరంతో పోయింది, వరదలో పోయింది, విలన్ తోసిన మెట్ల మీంచి మూడంతస్తులు దొర్లి మరీ పోయింది. పని తెగ ఉన్న రోజుల్లో ఒకసారి ఒక సినిమాకి మంచం మీద ప్రాణం వదిలి, లేవకుండానే పక్క సినిమాకి కూడా అదే మంచం మీద వదిలేసింది. మధ్యలో దుప్పటి మార్చారంతే. ఆవిడ కొడుకుల్లో సగం మంది ఆవిడకన్నా పన్నెండేళ్లు పెద్దవాళ్లు. ఒక కొడుకైతే షాటు అయ్యాక మోకాళ్ల నొప్పులకి ఏ నూనె మంచిదో ఈవిడకి చెప్పి వెళ్లేవాడు.

అసలావిడ వచ్చింది చావడానికి కాదు. ఇరవై నాలుగేళ్లప్పుడు, హీరోయిన్ స్నేహితురాలి వేషానికని వచ్చింది. ఒక పాటలో సైకిలు తొక్కాలి, రెండు మాటలు మాట్లాడాలి. "ఇదిగో వచ్చేస్తున్నాడే" అన్నది మొదటి మాట, "సిగ్గు చూడు" అన్నది రెండోది. ఆ రెండు మాటల్నీ నాలుగు నెలలు సాధన చేసి, ఇంట్లో వాళ్ల ప్రాణాలు తోడేసింది. తీరా ఆ రోజు హీరో తల్లి ఫోటోకి కూర్చోవాల్సిన పెద్దావిడ రాలేదు. "అమ్మాయీ, ఒక్క ఫోటోకి కూర్చో, ఐదు నిమిషాలు" అన్నారు. ఐదు నిమిషాలన్నది ముప్పై ఏడేళ్లయింది.

ఫోటో తీయడానికొచ్చిన కుర్రాడు ట్రైపాడ్ పక్కన నిలబడితే ఏది మనిషో ఏది ట్రైపాడో తెలియనంత సన్నం. "కదలకండి" అన్నాడు. ఆవిడ కదల్లేదు. లెన్సు మూత తీయకుండానే కెమెరాలో కన్నుపెట్టి, "చీకటిగా ఉందండీ, లైట్లు పెంచండి" అన్నాడు. పెంచారు. "ఇంకా చీకటే" అన్నాడు. ఫ్లోరులో ఉన్నవీ లేనివీ అన్ని లైట్లూ వెలిగించారు. సెట్టు బయట పక్షులు మధ్యాహ్నమైపోయిందనుకుని గూళ్లలో కునుకు తీశాయి. "అబ్బే, లాభం లేదండీ" అంటూ అతను తల ఎత్తేసరికి ఆవిడ ఇంక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. సరిగ్గా అప్పుడే మూత ఊడింది, క్లిక్కు పడింది.

మర్నాడు ప్రింటు తెచ్చి, తల గోక్కుంటూ, "కాస్త కదిలిందండీ" అన్నాడు.

మామూలుగా ఫోటో కదిలిందంటే మొహం చెరిగి, రెండు ముక్కులూ మూడు కళ్లూ వస్తాయి. ఇది అలా కాదు. ఇది నిజంగానే కదిలింది. మూడు నెలల తరవాత ఆవిడ అతన్నే పెళ్లి చేసుకుంది. పెళ్లిలో వాళ్లిద్దరి ఫోటో తీసినవాడు "కదలకండి" అంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఎంత నవ్వారంటే, ఆ ఆల్బంలో ఇద్దరివీ పళ్లు తప్ప ఇంకేం కనబడవు.

ఆ మొదటి సినిమాలో హీరో వచ్చి ఫోటో ముందు ఏడిస్తే, ఇంటి దగ్గర కూర్చున్న ఆవిడకి పాపం అనిపించింది. ఫోటో కళ్లు చెమర్చాయి. హాళ్లలో జనం కుర్చీలు తడిసేలా ఏడ్చారు. ఆ దెబ్బతో ఆవిడ జాతకం తేలిపోయింది. అంత బాగా చచ్చిన మనిషికి ఇంక బతికే వేషం ఎవరిస్తారు? వెళ్లి అడిగినప్పుడల్లా ఒకటే జవాబు, "మిమ్మల్ని బతికుండగా చూపిస్తే జనం నమ్మరండీ" అని. కూరలమ్మే ఆవిడ కూడా అంతే, తూకం వేస్తూ "నిన్న మళ్లీ పోయారటగా అమ్మా?" అని కుశలం అడిగినట్టు అడిగేది. ఒకసారి బస్సెక్కితే ఓ పెద్దాయన లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాడు. ఆయన ఏకాగ్రత చెడగొట్టడమెందుకని ఈవిడ తను దిగాల్సిన స్టాపు వదులుకుంది. షూటింగు కాగితాల్లో కూడా నటుల జాబితాలో ఆవిడ ఉండదు. సామాన్ల జాబితాలో, గోడగడియారానికీ పూలకుండీకీ మధ్య ఉంటుంది.

వీటన్నిటికీ ఆవిడ నవ్వేసేది. ఒక్కదానికే నవ్వొచ్చేది కాదు. ముప్పై ఏడేళ్లలో కెమెరా ముందు నోరు తెరిచి ఒక్క మనిషిని ఒక్కసారైనా తిట్టలేదు! ఆవిడకి తిట్టడం ఎంత బాగా వచ్చో ఇంట్లో స్టిల్సాయనకి తెలుసు, వీధికి తెలుసు, పక్క వీధికి కొంత తెలుసు. లోకానికి మాత్రం తెలియలేదు.

అలాంటి ఇంటికి ఒక రోజు ముక్కు మీద బండెడు కళ్లజోడు పెట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. సినిమా డైరెక్టరట. చూస్తే తన సినిమాకి తనకే టికెట్టు ఇవ్వనంత చిన్నగా ఉంది.

"అమ్మా, నా సినిమాలో డ్రైవింగు నేర్పే ఆవిడ వేషం ఉంది. మీరు చెయ్యాలి."

"ఎప్పుడు పోతుంది?" అనడిగింది ఆవిడ, అలవాటుగా.

"ఎవరు?"

"ఆ డ్రైవింగావిడ."

"పోదమ్మా. ఒక శిష్యుడికి ఆర్నెల్లుగా కారు నేర్పుతూ ఉంటుంది. వాడికి రాదు. ఒక రోజు ఆవిడ ఓపిక చచ్చి తిడుతుంది. మూడు పేజీలు తిట్లే. తిట్టి తిట్టి, నవ్వొచ్చి, ఆ నవ్వులోంచి ఏడుపొచ్చి, మళ్లీ తిడుతుంది. ఒకే షాటు, ఎక్కడా కట్ ఉండదు."

పోయినావిడ కాఫీ గ్లాసు కింద పెట్టి నోరెళ్లబెట్టింది. అదే క్షణంలో పదకొండు సెట్లలో పదకొండు ఫోటోలు నోళ్లు తెరుచుకున్నాయి, పదకొండు మంది డైరెక్టర్లు కట్ చెప్పారు.

"మూడు పేజీలా?" అంది ఆవిడ.

"మూడున్నర."

"ఏమండీ!" అని ఆవిడ పెట్టిన కేకకి పెరట్లో ఉన్న స్టిల్సాయన చేతిలో బకెట్టుతోనే పరుగెత్తుకొచ్చాడు. "నన్ను తిట్టమంటున్నారండీ!"

"ఎవర్ని? నన్నేనా?" అన్నాడాయన కంగారుగా.

షూటింగు మంగళవారం అన్నారు. మిగతా సీరియళ్ల మేనేజర్లందరికీ స్టిల్సాయన ఫోన్లు చేసి, బతిమాలి, మంగళవారం పొద్దున్న మా ఆవిడ మొహం సెలవు అని చెప్పి పది చోట్ల సీన్లు వాయిదా వేయించాడు. పదకొండో చోట కుదరలేదు. ఆ సెట్టు బుధవారం పీకేస్తారట. మంగళవారం పదకొండింటికి తీసి తీరాలట. పైగా ఆ మేనేజరు ఇంకో మాట కూడా చెప్పాడు. "బాబాయ్‌గారూ, మీరు కూడా కెమెరా పట్టుకుని రండి. సీనవగానే మన కూతురు పిల్లకి ఫోటో తియ్యాలి. బుధవారం నుంచి ఆ అమ్మాయీ ఫ్రేములోకి వెళ్లిపోతోంది."

మర్నాడే ఆ కూతురు పిల్ల ఇంటికొచ్చింది. సీరియల్లో ఆరేళ్లుగా పోయినావిడకి కూతురు. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఆరేళ్లుగా రోజూ ఆ ఫోటోతో కష్టసుఖాలు చెప్పుకుంటోంది కాబట్టి, ఈవిడ మొహంలో ఏ ముడత ఎందుకు పడుతుందో కన్న పిల్లలకన్నా ఎక్కువ తెలుసు. గుమ్మంలోనే ఆవిడని వాటేసుకుంది.

"నన్ను చంపేస్తున్నారమ్మా!"

"ఎలాగే?"

"మంగళవారం మీ ఫోటో ముందు నిలబడి, 'అమ్మా, నేనూ నీ దగ్గరికే వస్తున్నా' అని, కుడి గుమ్మంలోంచి బయటికి వెళ్లిపోతాను. తరవాత లారీ చప్పుడు వేస్తారు. అంతే, నా పనైపోయింది."

"లారీ కూడా చూపించరా? నన్ను మూడంతస్తులు దొర్లించారే!"

"అమ్మా, నవ్వించకండి." ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "పోయాక ఎవరు పిలుస్తారమ్మా నన్ను? అందుకే ఆ ఒక్క సీనూ ప్రాణం పెట్టి చెయ్యాలనుకుంటున్నా. చూసినవాళ్లు ఎవరో ఒకరు పిలవకపోతారా! మీరు మాత్రం ఆ ఐదు నిమిషాలు కదలకండి. శాంతంగా ఉండండి. మీరు శాంతంగా చూస్తుంటేనే నాకు ఏడుపొస్తుంది."

పోయినావిడ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఇరవై నాలుగేళ్లు. ఒక్క ఫోటోకి కూర్చో అంటున్నారు.

"కదలనులేవే" అంది.

మాటైతే ఇచ్చింది. ఆ పిల్ల వెళ్లాక వంటింట్లో స్టూలు మీద కూలబడింది. పదకొండింటికే అక్కడ సీను, పదకొండింటికే ఇక్కడ షాటు. ఇక్కడ మొహం కదిపితే అక్కడ పిల్ల కడుపు కొట్టినట్టు. అక్కడ మొహం నిలిపితే ఇక్కడ ముప్పై ఏడేళ్లకి దొరికిన మూడున్నర పేజీలూ గంగలో కలిసినట్టు.

స్టిల్సాయన ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. "ఫోటోలో నువ్వు మెడ దాకానే కదా ఉంటావు. మెడ కింద నటించు."

ఆ ఉపాయం ఆవిడకి బ్రహ్మాండంగా నచ్చింది. వారం రోజులు స్టిల్సాయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, మొహం బండరాయిలా పెట్టి, చేతులు మాత్రం గాలిమరలా తిప్పుతూ తిట్టింది. ఆ చేతుల గాలికి కేలండర్ కాగితాలు ఎగిరి రెండు నెలలు ముందుకు వెళ్లిపోయాయి.

"ఎలా ఉందండీ?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "బాగానే ఉంది కానీ, నన్ను తిట్టినట్టు లేదే. ఎక్కడో దూరపు చుట్టం ఎవర్నో తిడుతుంటే దారినపోతూ విన్నట్టుంది."

మంగళవారం రానే వచ్చింది. స్టిల్సాయన కెమెరా సంచీ భుజాన వేసుకుని సీరియల్ సెట్టుకి వెళ్లాడు. ఆవిడని సినిమా వాళ్ల బండి ఊరి చివర రోడ్డు మీదకి తీసుకెళ్లింది. రోడ్డుని పన్నెండింటి దాకానే ఆపుతామన్నారట. కుడివైపు కొత్తగా తవ్విన కాలవ, ఎడమవైపు ఖాళీ మైదానం, మధ్యలో ఒక చిన్న ఎర్ర కారు. దాని ముందు కెమెరా బిగించి ఉంది. లోపల స్టీరింగు ముందు శిష్యుడి వేషం వేసే లావాయన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆయన ఎక్కాక కారు ఆ పక్కకి ఒరిగింది, పోయినావిడ ఎక్కి కూర్చున్నా అది సరిగ్గా నిలబడలేదు.

"మీకు డ్రైవింగు వచ్చుగా?" అనడిగింది ఆవిడ.

"వచ్చనే చెప్పానండీ" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ.

రెండు సార్లు రిహార్సలు చేశారు. రెండుసార్లూ ఆవిడ మెడ కింద అద్భుతంగా నటించింది. కళ్లజోడు డైరెక్టరు కారు కిటికీలోకి వంగింది.

"అమ్మా, మాటలు తిడుతున్నాయి కానీ, మీ మొహం క్షమించేస్తోంది."

"పదకొండింటికి నా ఫోటో సీను ఉందమ్మా. మా అమ్మాయి ఆఖరి సీను."

ఆ అమ్మాయి వాచీ చూసుకుంది. పదీ యాభై. రోడ్డు కేసి చూసింది. ఆపిన బండ్లు కనుచూపు మేర దాకా, అక్కణ్నించి మళ్లీ కనుచూపు మేర దాకా బారులు తీరి ఉన్నాయి. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"మిమ్మల్ని ఏమనలేనమ్మా. మీకు తోచినట్టు చెయ్యండి. నేను మాత్రం బతికున్నావిడ కోసం వచ్చాను."

పదకొండైంది. కెమెరా తిరిగింది. కారు కదిలింది.

మొదటి పేజీ అంతా పోయినావిడ మొహాన్ని రెండు చేతులా పట్టుకున్నట్టే ఉంచింది. కళ్ల ముందు ఆ పిల్లే. ఈపాటికి ఫోటో ముందుకొచ్చి నిలబడి ఉంటుంది. ఈపాటికి కన్నీళ్లు మొదలై ఉంటాయి. కదలకూడదు, కదలకూడదు. "బ్రేకు నొక్కు" అంది, బడిలో ప్రార్థన చెప్పినట్టు. అది రాసిన మాటే.

లావాయన నొక్కాడు. అది బ్రేకు కాదు.

ఆ కారు పుట్టాక ఎన్నడూ పోనంత వేగంగా పోయింది. కాలవ గట్టు మీది మట్టికుప్పలు కొండల్లా మీదకొచ్చాయి. లావాయన రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేసి మొహం కప్పుకున్నాడు. పోయినావిడలో ముప్పై ఏడేళ్లుగా గోడకి మేకులు కొట్టి బిగించినదేదో ఒక్కసారిగా ఊడొచ్చింది.

"ఓరి నీ తెలివి తెల్లారిపోనూ! కాలు తియ్యవయ్యా! కళ్లు మూసుకుంటే కాలవ పక్కకి తప్పుకుంటుందనుకున్నావా? ముందుకి చూడు! ఆర్నెల్లు! ఆర్నెల్లు నీ పక్కన కూర్చుని నా జుట్టు తెల్లబడింది! వెనక ఎవరేమనుకుంటున్నారో కాదు, ముందు రోడ్డుంది, అది చూడు! ఎడమకి! ఎడమకి తిప్పు! కుడికెళ్తే చస్తావు! నీకోసం ఎవరూ దండలు పట్టుకుని నిలబడలేదక్కడ! ఎడమకి!"

రాసినవీ రాయనివీ కలిసిపోయాయి. ఒక చేత్తో ఆవిడే స్టీరింగు ఎడమకి లాగింది. కారు మైదానంలోకి దూకి, మూడు చుట్లు తిరిగి, దుమ్ములో ఆగింది. దుమ్ము తగ్గేసరికి లావాయన వేళ్ల సందుల్లోంచి చూస్తూ, "ఇప్పుడు బ్రేకు నొక్కమంటారాండీ?" అన్నాడు, మూడో పేజీలో ఉన్నట్టే, పొల్లు పోకుండా.

ఆవిడకి నవ్వొచ్చింది. అది ఎలాంటి నవ్వంటే, కిటికీ అద్దాలు చిటచిటలాడాయి. రోడ్డు మీద ఆపిన బండ్లలో జనం, ఎందుకో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు మధ్యలో ఆవిడకి కూతురు పిల్ల గుర్తొచ్చింది. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. నవ్వు నవ్వుగానే ఉండి ఏడుపైపోయింది. చెంపలు తడిసిపోయాయి. "పిచ్చిదాన్ని, ఎంత పని చేశాను" అంది. అది ఏ పేజీలోనూ లేదు.

"కట్!" అని కళ్లజోడు డైరెక్టరు అరిచింది. అరిచి, గంతేసింది. కెమెరామన్ని వాటేసుకుంది, లైటు పట్టుకున్న ఆయన్ని వాటేసుకుంది, ఎవరూ మిగలక ఒక స్తంభాన్ని వాటేసుకుంది. "ఒకటే టేకు! ఓకే! అమ్మా, ఓకే!"

పోయినావిడకి ఆ మాట వినబడలేదు. ఫోను తీసి చూసింది. స్టిల్సాయన దగ్గర్నుంచి పంతొమ్మిది కాల్స్. వెంటనే నొక్కింది.

"ఏమండీ, పిల్ల సీను చెడగొట్టేశానా?"

"ఏం చేశావే నువ్వు!" అవతల ఆయన గొంతు పెళ్లినాటి కన్నా హుషారుగా ఉంది. "విను, విను. అది నీ ముందు నిలబడి 'అమ్మా, నేనూ నీ దగ్గరికే' అందో లేదో, నువ్వు గోడ మీంచి విరుచుకుపడ్డావు! చప్పుడేం లేదు కానీ, ఆ నోరూ, ఆ కళ్లూ! ఫ్రేము గోడకి టకటకా కొట్టుకుంటోంది. డైరెక్టరు కట్ అనడమే మర్చిపోయాడు. పిల్ల నోరెళ్లబెట్టి నీ పెదాలు చదువుతోంది. కాలు తియ్యి అన్నావట, ముందుకి చూడన్నావట. ఆ తరవాత ఎడమకి, ఎడమకి అని ఒకటే..."

"అయ్యో, అది కాలవండీ!"

"ఏ కాలవ? పిల్ల 'సరేనమ్మా' అని కళ్లు తుడుచుకుని, కుడి గుమ్మం మానేసి ఎడమ గుమ్మంలోంచి వెళ్లిపోయింది!"

"ఎడమ గుమ్మం అవతల ఏముందండీ?"

"పక్క సీరియల్! వాళ్ల ఆసుపత్రి సెట్టు. మూడు వారాలుగా ఒకాయన స్పృహ లేకుండా పడున్నాడు కదా, ఆయన గది. అక్కడ షాటు నడుస్తోంది. డాక్టరు వేషం వేసే ఆవిడ రాలేదట. మన పిల్ల ఏడ్చిన కళ్లతో లోపలికెళ్లి, ఆ మనిషిని చూసి కంగారుపడి, 'అయ్యో, లేవండి!' అంది. మూడు వారాలుగా ఎవరైనా ఆ మాట అంటారేమో అని చూస్తున్నాడేమో, ఆయన టక్కున లేచి కూర్చున్నాడే! ఆ డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఈ పిల్లెవరు, ఈ పిల్లే నా డాక్టరు అని ఒకటే కేకలు!"

"మరి మనవాళ్లు? ఆ లారీ?"

"ఆ లారీ చప్పుడు వేద్దామనే చూశారు. కానీ కంటిన్యుటీ రాసే ఆవిడ ఒప్పుకోలేదు." కంటిన్యుటీ రాసే ఆవిడంటే, ఒక షాటులో ఎడమ చేతిలో ఉన్న గ్లాసు పక్క షాటులో కుడి చేతిలోకి వెళ్లకుండా కాపు కాసే మనిషి. డైరెక్టరు మాటకన్నా ఆవిడ పుస్తకానికి అందరూ భయపడతారు. "పుస్తకం తీసి చదివింది. 'తల్లి ఫోటో ఎడమకి వెళ్లమంది. కుడికెళ్తే చస్తావు అంది. కెమెరాలో పడింది. ఇంక ఈ అమ్మాయి కుడికెళ్లి చావడానికి వీల్లేదు, కంటిన్యుటీ పోతుంది' అని మూసేసింది. అందరూ ఔను కదా అన్నారు. రెండు సీరియళ్ల మేనేజర్లూ ఇప్పుడు నా ముందే పిల్ల కాల్‌షీట్ల కోసం కొట్టుకుంటున్నారు. ఒకడి చొక్కా గుండీ వచ్చి నా టీలో పడింది."

"మీరు ఫోటో తీశారా దాన్ని? ఫ్రేముకి?"

"తీద్దామని కూర్చోబెట్టబోయాను. 'నాకు ఖాళీ లేదు బాబాయ్‌గారూ' అని పరుగెత్తింది. మూత పెట్టేశాను."

పోయినావిడ సీటుకి తల ఆనించి కళ్లు మూసుకుంది. కిటికీ అవతల కళ్లజోడు డైరెక్టరు ఇంకా గంతులేస్తోంది. ఆపిన బండ్లని వదిలేశారు. అవి ఒక్కొక్కటే హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. ప్రతి బండిలోంచీ ఎవరో ఒకరు తల బయటికి పెట్టి ఆవిడకి చెయ్యి ఊపుతున్నారు. మౌనం పాటించినవాళ్లు ఒక్కరు లేరు.

ఫోనులో గొంతు మారింది. పరుగెత్తుకొచ్చిన ఆయాసం.

"అమ్మా! అమ్మా, నేనే! నేను బతికే ఉన్నాను!"

"విన్నానే."

"రేపు పొద్దున తొమ్మిదింటికి డాక్టరుగా, మధ్యాహ్నం మీ కూతురుగా. తెల్లకోటు నాకు మోకాళ్ల కిందకొచ్చిందమ్మా, అయినా కోసి కుడుతున్నారు." ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. తరవాత గొంతు చిన్నదైంది. "అమ్మా, ఒకటడుగుతాను. మీకు అక్కడ షూటింగు ఉంది కదా. మీరు తిట్టింది నన్నేనా? నిజంగా నాకే చెప్పారా?"

పోయినావిడ పక్క సీటులోకి చూసింది. లావాయన ఇంకా రెండు చేతుల్తోనూ స్టీరింగుని కౌగలించుకుని, వినబడనట్టు ఆకాశం కేసి చూస్తున్నాడు. ఆవిడ చూపుడువేలు పెదాల మీద పెట్టి ఆయనకి సైగ చేసింది.

"నీకు కాక ఇంకెవరికి చెప్తానే?" అంది.